ప్లగ్ మాటిమాటికీ నల్లబడుతోందా? లోపం ప్లగ్‌లో వెతకకండి

ప్రశ్న: నా దగ్గర ఒకే సిలిండర్, నాలుగు స్ట్రోకుల ఏటీవీ (మట్టి దారుల్లో నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) ఉంది. కార్బ్యురేటర్ బండి. పొలంలో గడ్డి, నీళ్ల డ్రమ్ములు ట్రైలర్‌లో లాగడానికే ఎక్కువగా వాడతాను. కొంతకాలంగా పొద్దున సెల్ఫ్ కొడితే ఒక పట్టాన అందుకోవడం లేదు. అందుకున్నాక మిస్సింగ్ కొడుతుంది, యాక్సిలరేటర్ ఇస్తే ఆగి ఆగి లేస్తుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే నల్లగా ఉంది. కొత్తది వేస్తే రెండు మూడు వారాలు హాయిగా నడిచి మళ్లీ మొదటికే వస్తోంది. ఇప్పటికి మూడు ప్లగ్‌లు మార్చాను. ఒక మెట్టు వేడి ప్లగ్ వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. ఇంజిన్ బోరుకు (సిలిండర్ అరిగి చెక్కించాల్సిన స్థితికి) వచ్చిందేమోనని ఇంకొకరు భయపెడుతున్నారు. అసలు లోపం ఎక్కడుందో నేనే ఎలా తెలుసుకోవాలి? పాత ప్లగ్‌లు శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చా?

జవాబు: ఆ మూడు పాత ప్లగ్‌లు ఇంకా ఉంటే పారేయకండి. మీ సిలిండర్ లోపల ఏం జరుగుతోందో వాటికంటే బాగా చెప్పగలిగినది ఇంకొకటి లేదు. మీ మెకానిక్ చెప్పేదీ, నేను చెప్పేదీ బయటి నుంచి చేసే ఊహ. ప్లగ్ మొన మాత్రం లోపల ఉండి వచ్చింది.

మీ ఉత్తరంలోనే సగం జవాబు కనిపిస్తోంది. కొత్త ప్లగ్ వేయగానే బండి హాయిగా నడుస్తోందంటే కాయిల్, సీడీఐ (రవ్వ కోసం కాయిల్‌కు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె), వైరింగ్ చాలావరకు పనిచేస్తున్నట్టే. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే పుట్టే ఒత్తిడి) బాగా పడిపోయిన ఇంజిన్ కొత్త ప్లగ్‌తో కూడా రెండు మూడు వారాలు హాయిగా నడవదు. బోరు అనుమానాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను కానీ, దాన్ని వరుసలో చివరన పెడతాను. ఏదో ఒకటి ప్లగ్‌ను రోజూ కొద్దికొద్దిగా మురికి చేస్తోంది. అదేమిటో పట్టుకోనంతవరకు నాలుగో ప్లగ్ గతీ అంతే.

మురికి పడితే నిప్పురవ్వ ఎందుకు ఆగిపోతుందో ముందు తెలుసుకుంటే మిగతా పరీక్షలన్నీ సులువుగా అర్థమవుతాయి. ప్లగ్ మొన దగ్గర మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ తెల్లటి పింగాణీ ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటు పక్కదారి పట్టకుండా ఆపేది ఆ పింగాణీయే. ఇక వేరే దారి లేక కరెంటు గ్యాప్ మీదుగా దూకుతుంది, అదే రవ్వ. కార్బన్ మసిలో కరెంటు పారుతుంది. పింగాణీ మీద మసి పొర కట్టిందంటే గ్యాప్ దూకాల్సిన పని లేకుండానే కరెంటు ఆ పొర మీదుగా ప్లగ్ ఒంటిలోకి జారిపోతుంది. వోల్టేజీ పెరగడానికి వీలుండదు, రవ్వ బలహీనపడుతుంది, కొన్నిసార్లు అసలు రాదు. రవ్వ రాని ప్రతిసారీ మండని పెట్రోలు మొనను తడుపుతుంది. దాంతో మురికి ఇంకా పెరుగుతుంది. మొదట అప్పుడప్పుడు వచ్చిన మిస్సింగ్ కొద్ది రోజుల్లోనే బండి స్టార్ట్ కానంత ముదరడానికి కారణం ఇదే.

మసిని కాల్చేసుకునే ఏర్పాటు ప్లగ్‌కు ఉంది. మొన వేడి సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని మీది కార్బన్ దానంతటదే కాలిపోతుంది. అంతకంటే చల్లగా నడిచినంతసేపూ, వత్తి పెద్దది చేసిన లాంతరు చిమ్నీకి పట్టినట్టు, మసి పడుతూనే ఉంటుంది. ఇక్కడ మీ వాడకం గురించి కూడా ఆలోచించాలి. చోక్ వేసి స్టార్ట్ చేయడం, వంద గజాలు వెళ్లి ఆపడం, సరుకు ఎక్కించేంతసేపూ ఐడ్లింగ్‌లో వదిలేయడం, మళ్లీ నడక వేగంతో వెనక్కి రావడం: రోజంతా ఇలాగే సాగితే ప్లగ్ మొన ఆ వేడికి చేరే అవకాశం చాలా తక్కువ. రోడ్డు మీద నడిచే మోటార్ సైకిల్‌కు లేని ఈ ఇబ్బంది పని చేసే ఏటీవీకి పుట్టుకతోనే ఉంది. అలాగని తప్పంతా వాడకం మీదికి నెట్టేయలేం. ఇలాగే వాడే బండ్లు ఎన్నో ఒకే ప్లగ్‌తో చాలాకాలం నడుస్తున్నాయి.

ఇక పరీక్షకు వద్దాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్ విప్పాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియం. వేడి మీద విప్పితే మర ఊడి వచ్చే ప్రమాదం ఉంది, ఆ మరమ్మతు ముందు ప్లగ్ ఖర్చు ఏ మూలకూ రాదు. ఏటీవీలో ప్లగ్ చుట్టూ ఉండే గుంటలో ఎండిన బురద, ఇసుక పేరుకుపోతాయి. విప్పకముందే దాన్ని గాలి కొట్టి గానీ, బ్రష్‌తో గానీ శుభ్రం చేయండి. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా సిలిండర్ గోడ గీసుకుపోతుంది. ప్లగ్ క్యాప్‌ను వైరు పట్టుకుని లాగకండి, క్యాప్‌నే పట్టుకుని కాస్త తిప్పుతూ పైకి తీయండి.

ప్లగ్‌ను ఎప్పుడు విప్పి చూస్తున్నామన్నది కూడా ముఖ్యమే. ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపిన ఏ ఇంజిన్ ప్లగ్ అయినా కొంత నల్లగానే కనిపిస్తుంది. దాన్ని చూసి కార్బ్యురేటర్ మరలు తిప్పడం మొదలుపెడితే ఉన్న సెట్టింగ్ కూడా పోతుంది. సరైన పద్ధతి ఇది: మంచి ప్లగ్ వేసి, ఇంజిన్ బాగా వేడెక్కాక, ట్రైలర్‌కు బరువు కట్టి గానీ ఎగువకు గానీ, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ లీవర్ సగం నొక్కి కొన్ని నిమిషాలు నడపండి. లీవర్ అలా నొక్కి ఉండగానే కిల్ స్విచ్‌తో ఇంజిన్ ఆపి, బ్రేకుతో బండి నిలపండి. చల్లారాక అక్కడే ప్లగ్ విప్పండి. పని చేస్తున్న ఇంజిన్ ఎలా ఉందో అప్పుడు ప్లగ్ నిజం చెబుతుంది.

విప్పిన ప్లగ్‌ను పగటి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడండి. మంచి ప్లగ్ పింగాణీ లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటుంది. ఈనాటి సీసం లేని పెట్రోలుతో దాదాపు తెల్లగా ఉన్నా కంగారు పడనక్కర్లేదు. మర చివర, మొన చుట్టూ ఉండే లోహపు అంచు నల్లగా ఉండటం మామూలే. చూడాల్సింది మధ్యలోని పింగాణీని, అందులోనూ అది లోపలికి వెళ్లే లోతు భాగాన్ని. ప్లగ్ బయటి వైపున, స్పానర్ పట్టే చోటికి పైన, పింగాణీ మీద గోధుమ రంగు మరక కనిపిస్తే సిలిండర్ నుంచి పొగ లీకవుతోందని చాలామంది అనుకుంటారు. అది లీకు కాదు. ఎక్కువ వోల్టేజీ వల్ల గాలిలోని నూనె రేణువులు అక్కడ పట్టి ఏర్పడే మరక, దానివల్ల నష్టం లేదు. అదే చోట సన్నటి నల్ల గీతలు నిలువుగా ఉంటే మాత్రం కరెంటు బయటి నుంచే దూకుతోందని అర్థం. అప్పుడు ప్లగ్‌తో పాటు క్యాప్ కూడా మార్చాలి.

నలుపు అంతా ఒకటి కాదు. మీరు నల్లగా ఉందని మాత్రమే రాశారు, ఎలాంటి నలుపో రాయలేదు. తెల్ల గుడ్డతో మొనను తుడిచి చూడండి. పొడి మసి ఏ మెరుపూ లేకుండా మెత్తగా గుడ్డకు అంటుకుని, వేళ్ల మధ్య రుద్దితే పొడిగానే ఉంటుంది. నూనె పట్టిన నలుపు మెరుస్తుంది, రుద్దితే జిడ్డుగా జారుతుంది, కొన్నిసార్లు గట్టి పెచ్చులా కూడా ఉంటుంది. ఇక మూడోది తడి: పెట్రోలు వాసన గుప్పున వస్తుంది, ఎండలో కాసేపు పెడితే తడి ఆరిపోతుంది, నూనెలా మిగలదు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు దారులు. మీ మూడు పాత ప్లగ్‌లూ ఒకే రకంగా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు మూడు వారాల్లో నెమ్మదిగా ముదిరే తీరు చూస్తే మీది పొడి మసి అయి ఉంటుందని నా అంచనా. అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఇందులో మొదట చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. సీటు ఎత్తి ఎయిర్ బాక్స్ మూత తీయండి. దుమ్ము పట్టిన ఫోమ్ ఫిల్టర్ గాలిని ఆపేస్తుంది. శుభ్రం చేశాక నూనె ఎక్కువ పోసి పిండకుండా వేసిన ఫోమ్ కూడా అంతే పని చేస్తుంది. గాలి లోపలికి పీల్చుకునే గొట్టంలోకి కూడా టార్చి వేసి చూడండి. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే ఎలుకలు అందులో గడ్డి, పీచు తెచ్చి గూడు కడతాయి, ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా గాలి మాత్రం రాదు. ఎయిర్ బాక్స్ అడుగున చివర మూత ఉన్న చిన్న రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతుంటుంది. దాని మూత తీసి, కింద తెల్ల గిన్నె పెట్టి ఏం కారుతుందో చూడండి. నీళ్లు వస్తే లోతు నీటిలో దిగినప్పుడు లోపలికి వెళ్లిందన్నమాట. ఇంజిన్ ఆయిల్ వస్తే అది బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఎయిర్ బాక్స్‌లోకి వదిలే గొట్టం) గుండా వచ్చింది. పెట్రోలు వస్తే కార్బ్యురేటర్ పొంగుతోంది. ఇంత తేలికగా ఇంత సమాచారం ఇచ్చే చోటు బండి మొత్తంలో ఇంకొకటి లేదు, అయినా మూత తీసి చూసేవాళ్లు అరుదు.

ఫిల్టర్ వేయకుండా బండి నడిపి తేడా చూద్దామని మాత్రం అనుకోకండి. పొలం దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి వెళితే ఈరోజు లేని బోరు సమస్య రేపు నిజంగానే వస్తుంది.

రెండో అనుమానం చోక్ మీద. చాలా ఏటీవీ కార్బ్యురేటర్లలో చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు. అదనంగా పెట్రోలు ఇచ్చే సన్నటి దారి ఒకటి ఉంటుంది, దాన్ని ఒక చిన్న ప్లంజర్ మూస్తుంది. చోక్ లీవర్ లాగితే ప్లంజర్ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగి దారి మూసుకోవాలి. కేబుల్ తుప్పు పట్టినా, మరీ బిగుతుగా ఉన్నా అది పూర్తిగా దిగదు. లీవర్ చూస్తే చోక్ తీసేసినట్టే ఉంటుంది, లోపల మాత్రం పెట్రోలు రోజంతా అదనంగా పారుతూనే ఉంటుంది. లీవర్ పూర్తిగా వదిలేశాక కేబుల్‌లో కొంచెం వదులు తెలియాలి. అది లేకపోతే సర్దండి. ప్లంజర్ బయటికి తీసి దాని కొనకు ఉన్న రబ్బరు చూడండి. పగిలినా, లోతుగా గాడి పడినా అది దారిని మూయలేదు.

చిన్న ఏటీవీలు కొన్నింటిలో లీవర్ ఉండదు, ఆటో చోక్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కరెంటు అందుకుని లోపలి మైనం వేడెక్కి, కొన్ని నిమిషాల్లో ప్లంజర్‌ను ముందుకు నెట్టి అదనపు పెట్రోలు ఆపేస్తుంది. దాని వైరు ఊడిపోతే చోక్ ఎప్పటికీ వేసి ఉన్నట్టే. ఇంజిన్ బాగా నడిచాక దాన్ని ముట్టుకుంటే వెచ్చగా ఉండాలి. చల్లగా ఉంటే ముందు ఆ వైరు చూడండి.

ఫిల్టర్, చోక్ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే కార్బ్యురేటర్ జోలికి వెళ్లాలి. స్లో మర (ఐడ్లింగ్‌లో పెట్రోలు, గాలి పాళ్లు సర్దే మర) ఎక్కడుందో చూసి తిప్పండి: ఇంజిన్ వైపు ఉన్నది పెట్రోలు మర, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఫిల్టర్ వైపు ఉన్నది గాలి మర, బయటికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పి చెడగొట్టినవే ఎక్కువ. ఎంత తిప్పాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలే బిళ్ల (ఫ్లోట్) సెట్టింగ్ తప్పి ఆ మట్టం పెరిగినా, యాక్సిలరేటర్‌తో పాటు లేచే సూది దిగే రంధ్రం అరిగి వెడల్పయినా సగం యాక్సిలరేటర్ దగ్గర పెట్రోలు ఎక్కువవుతుంది. బండిని మైదానం నుంచి ఎత్తైన కొండ ప్రాంతానికి తీసుకువెళితే ఏ లోపం లేకుండానే ప్లగ్ నల్లబడవచ్చు. అక్కడ గాలి పలుచన, కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు, పెట్రోలు మాత్రం దాదాపు పాత లెక్కలోనే ఇస్తుంది.

పెట్రోలు తడి కనిపిస్తే దారి వేరు. ఒకటి, రవ్వ రాకపోవడం వల్ల లోపలికి వచ్చిన పెట్రోలు మండక మిగిలిపోయి ఉండాలి. లేదంటే అవసరానికి మించి పెట్రోలు వచ్చి ఉండాలి. గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది కింద చిన్న నలక ఇరుక్కున్నా పెట్రోలు ఆగదు. బండి ఆపి ఉన్నప్పుడు కూడా పారుతూనే ఉంటుంది. కొన్ని బండ్లలో పెట్రోలు కొళాయి ఇంజిన్ పీల్పుతో తెరుచుకుంటుంది. దాని లోపలి పలుచని పొర చిరిగితే పీల్పు గొట్టం గుండానే పెట్రోలు నేరుగా ఇంజిన్‌లోకి వెళుతుంది. ఆ సన్న గొట్టం ఊడదీసి చూడండి, అందులో పెట్రోలు చుక్క కూడా ఉండకూడదు.

ఇలాంటి అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టే ముందే ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం తనంత తాను పెరిగి, పలుచబడి, పెట్రోలు వాసన వస్తుంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఫ్లోట్ సూది బాగు చేసి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి. పెట్రోలు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పని అయ్యాక పెట్రోలు కొళాయి మూసే అలవాటు ఒక్కటి ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

పెట్రోలు పొంగి బండి అందుకోకపోతే చోక్ తీసేసి, కొళాయి మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. గాలి వెళ్లి లోపలి తడి ఆరుతుంది. లీవర్‌ను ఊరికే నొక్కి వదలడం వద్దు. కొన్ని కార్బ్యురేటర్లు ప్రతి నొక్కుకూ ఇంకొంత పెట్రోలు చిమ్ముతాయి. చాలాసేపు అలా సెల్ఫ్ కొట్టడం కూడా మంచిది కాదు. పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కంప్రెషన్ ఇంకా తగ్గి బండి అసలే అందుకోదు.

ఇక నూనె జిడ్డు. మొదట భయపడకుండా ఆయిల్ మట్టం చూడండి. ఎక్కువ పోసి ఉంటే బ్రీదర్ గుండా ఎయిర్ బాక్స్‌లోకీ, అక్కడి నుంచి సిలిండర్‌లోకీ వెళుతుంది. బండి ఈ మధ్య బోల్తా పడినా ఇదే జరుగుతుంది, ఆ నూనె కాలిపోయాక మామూలైపోతుంది. ఈ రెండూ కాకపోతే పొగను గమనించండి. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి ఆ తర్వాత తగ్గిపోతే, లేదా దిగువకు యాక్సిలరేటర్ వదిలి వచ్చి మళ్లీ నొక్కినప్పుడు వస్తే, వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని ఎక్కువగా అనుమానించాలి. బరువు లాగుతున్నంతసేపూ పొగ వస్తూనే ఉంటే రింగులు, సిలిండర్ మీదికి అనుమానం వెళుతుంది. వాల్వ్ సీళ్లకయ్యే పని వేరు, బోరు చేయించే పని వేరు. నీలం పొగ చూడగానే బోరు అని తేల్చేవాళ్ల మాట విని ఇంజిన్ మొత్తం విప్పించకండి.

కంప్రెషన్ కొలిపించేటప్పుడు ఇంజిన్ వెచ్చగా ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచాలి. చాలా ఏటీవీల్లో స్టార్టింగ్ సులువు కావడానికి ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కొంచెం ఎత్తిపట్టే ఏర్పాటు ఉంటుంది. దానివల్ల మీటరు అంకె తక్కువగానే వస్తుంది. మీ బండి పుస్తకంలోని అంకెతో పోల్చాలి తప్ప వేరే బండి అంకెతో కాదు. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే లోపం రింగుల వైపు, మారకపోతే వాల్వుల వైపు. ఈ పరీక్షకు ముందు టాపెట్లు (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్) చూడటం మరవకండి. టాపెట్ గ్యాప్ పోయి వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే కూడా కంప్రెషన్ పడిపోయి, పొద్దున బండి అందుకోక, చోక్ పదేపదే వేయాల్సి వచ్చి, చివరికి ప్లగ్ నల్లబడుతుంది. మీరు చెప్పిన లక్షణాలకు ఇది కూడా సరిపోతుంది, పైగా ఫీలర్ గేజ్‌తో (గ్యాప్ కొలిచే పలుచని రేకులతో) చల్లని ఇంజిన్ మీద కాసేపట్లో అయిపోయే పని.

కరెంటు వైపు కూడా ఒక కన్ను వేయాలి, ఎందుకంటే రవ్వ బలహీనంగా ఉన్నా ప్లగ్‌కు పొడి మసి పడుతుంది. ప్లగ్ క్యాప్‌ను వైరు నుంచి తిప్పి ఊడదీయండి. వైరు కొన పచ్చగా చిలుము పట్టి ఉంటే సుమారు 5 మిల్లీమీటర్లు కత్తిరించి, మళ్లీ క్యాప్ బిగించండి. చాలా క్యాప్‌ల లోపల 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. మీటరు అంతకు చాలా ఎక్కువ చూపించినా, అసలేమీ చూపించకపోయినా క్యాప్ మార్చేయండి. బ్యాటరీతో నడిచే సీడీఐ అయితే, నీరసించిన బ్యాటరీ సెల్ఫ్ తిప్పేటప్పుడే వోల్టేజీ అంతా తినేసి రవ్వకు మిగల్చదు.

ప్లగ్‌ను హెడ్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టి, రవ్వ కనిపించగానే కరెంటు బాగుందని తేల్చేయడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ పరీక్షను నేను నమ్మను. బయటి గాలిలో గ్యాప్ దూకడం తేలిక. సిలిండర్‌లో కంప్రెషన్ ఒత్తిడి కింద దూకాలంటే చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట రవ్వ ఇచ్చిన ప్లగ్ లోపల ఇవ్వకపోవడం మామూలే. గ్యాప్ సర్దుకునే స్పార్క్ టెస్టర్ దొరికితే దాన్ని 6 మిల్లీమీటర్లకు పెట్టి చూడండి. నీలి రవ్వ చిటపటమంటూ ఆగకుండా దూకితే కాయిల్ బాగున్నట్టు. ఏ పద్ధతిలో చూసినా ప్లగ్ లేదా టెస్టర్ ఒళ్లు ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనాలి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉండాలి. రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, అంటుకుంటుంది. క్యాప్ గాలిలో వదిలేసి సెల్ఫ్ కొడితే దారి దొరకని కరెంటు సీడీఐనీ కాయిల్‌నీ కాల్చేయవచ్చు.

ఒక చిన్న సంగతి కూడా చూసుకోండి. మిస్సింగ్ రివర్స్‌లో మాత్రమే వస్తుంటే అది ప్లగ్ కాదు. చాలా ఏటీవీల్లో వెనక్కి వెళ్లేటప్పుడు వేగం పెరగకుండా రవ్వను మధ్యమధ్య ఆపే ఏర్పాటు ఉంటుంది. పార్కింగ్ బ్రేక్ వేసి ఉన్నప్పుడు అలాగే చేసే బండ్లూ ఉన్నాయి.

ఇక మీ మెకానిక్ చెప్పిన వేడి ప్లగ్. దీని మీద నా అభిప్రాయం గట్టిదే: ఇప్పుడు వద్దు. వేడి ప్లగ్ అంటే రవ్వ బలంగా ఇచ్చే ప్లగ్ కాదు. పింగాణీ మొన పొడవుగా ఉండి, వేడిని హెడ్‌లోకి నెమ్మదిగా వదిలే ప్లగ్. ఒక మెట్టు మారితే మొన వేడి సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. మసి కాలిపోతుంది, నిజమే. కానీ పెట్రోలు ఎందుకు ఎక్కువవుతోందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది, పెట్రోలు ఖర్చూ తగ్గదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మీరు ఎండలో బరువు లాగుతూ ఎగువకు ఎక్కేటప్పుడు మొన 850 డిగ్రీలు దాటిపోతే, రవ్వ రాకముందే ఆ ఎర్రటి మొన మీదే పెట్రోలు అంటుకుంటుంది. పిస్టన్‌కు రంధ్రం పడే దారి అది. రేపు ఎవరైనా చోక్ లోపం సరిచేసి పెట్రోలు తగ్గించారంటే ఆ ప్రమాదం ఇంకా దగ్గరవుతుంది. బండి పుస్తకంలోనే చలి ప్రాంతాలకని వేడి ప్లగ్ నంబరు ఇచ్చి ఉంటే, మీ వాడకం దానికి తగినదైతే అది వేరే మాట. నంబర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగితే చల్లని ప్లగ్. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడి ప్లగ్. మీరు వేసిన మూడూ ఒకే నంబరేనా, పుస్తకంలో ఉన్న నంబరేనా అని కూడా ఒకసారి సరిచూడండి. అసలు ముందు నుంచీ మరీ చల్లని ప్లగ్ వేస్తూ వచ్చి ఉంటే ఇంత వెతుకులాట అక్కర్లేదు.

ఇంజెక్షన్ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే) బండి ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వారికి రెండు మాటలు: అక్కడ చోక్ బదులు ఇంజిన్ వేడిని చెప్పే సెన్సర్ ఉంటుంది. అది చెడి ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉందని చెబుతుంటే పెట్రోలు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ఇంజెక్టర్ కారుతున్నా ప్లగ్ తడుస్తుంది.

లోపం దొరికి బాగు చేశాకే కొత్త ప్లగ్ వేయండి. గ్యాప్ చాలా బండ్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు, కొన్నింటికి ఇంకొంచెం ఎక్కువ, మీ పుస్తకంలోని అంకెనే పాటించండి. ప్లగ్‌ను స్పానర్‌తో కాకుండా ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. మధ్యలో పట్టేస్తే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. వేళ్లతో ఆనేదాకా వచ్చాక, కొత్త వాషర్ అయితే సుమారు అర చుట్టు, ఒకసారి నొక్కుకుపోయిన పాత వాషర్ అయితే చుట్టులో పన్నెండో వంతు చాలు. టార్క్ రెంచ్ ఉంటే 10 మిల్లీమీటర్ల మరకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లకు 15 నుంచి 20, 14 మిల్లీమీటర్లకు 25 నుంచి 30. మరకు గ్రీజు పూయకండి, పూస్తే తెలియకుండానే ఎక్కువ బిగిస్తారు. ఆ తర్వాత రోజూ పని ముగిసే ముందు, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, కాసేపు బరువుతో గట్టిగా నడపండి. సరుకు ఎక్కించేటప్పుడు ఇంజిన్ ఆపేయండి. వారం తర్వాత ఒకసారి ప్లగ్ విప్పి చూడండి. పింగాణీ లేత రంగులో ఉంటే పని అయిపోయినట్టే. మళ్లీ మసి మొదలైతే మూడు వారాలు ఆగకుండా అప్పుడే మిగిలిన కారణాలు వెతకండి.

పాత ప్లగ్‌ల విషయం. పొడి మసి పట్టినవాటిని కొంతవరకు కాపాడుకోవచ్చు. కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. ఇనుప తీగల బ్రష్ వాడితే లోహపు గీతలు పింగాణీ మీద మిగిలిపోయి, మసి చేసిన పనే అవి చేస్తాయి. ఇసుక చిమ్మి శుభ్రం చేసినవాటి లోపల రేణువులు ఇరుక్కుని తర్వాత సిలిండర్‌లో పడతాయి. ఇరిడియం ప్లగ్ మొన చాలా సన్నం, దాన్ని రుద్దకండి, గ్యాప్ కోసం వంచకండి. నూనె గట్టి పెచ్చుగా కట్టిన ప్లగ్‌లు, పింగాణీకి పగులు ఉన్నవి, ఎలక్ట్రోడ్ అంచులు అరిగి గుండ్రంగా అయినవి పారేయండి. శుభ్రం చేసినదాన్ని మల్టీమీటర్‌లో అన్నిటికంటే పెద్ద ఓమ్‌ల స్థాయి పెట్టి, పైన క్యాప్ తగిలే కొనకూ ప్లగ్ ఒంటికీ మధ్య కొలవండి. మీటరు ఏమీ చూపించకూడదు. ఏ కొంచెం అంకె చూపించినా కరెంటు ఇంకా పక్కదారి పడుతోందని అర్థం, దాన్ని వాడకండి. పరీక్షలో నెగ్గినది కూడా ఇంజిన్‌లో రోజూ నడపడానికి కాదు. దాన్ని ప్లగ్ స్పానర్‌తో పాటు బండి టూల్ కిట్‌లో ఉంచుకుని, పొలం మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి వాడుకోండి.